సిక్ రూమ్ బాధ్యత నాకు అప్పగించారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా బడిలో నర్సు లేరు. ఈ ఏడాది సిక్ రూమ్ బాధ్యత నా మీద పెట్టారు. నేను లెక్కల టీచర్‌ని. మొన్న ఆటల పీరియడ్‌లో ఆరో తరగతి అబ్బాయి స్తంభానికి తల కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది, ఐస్ పెట్టాను, ఏడుపు ఆపాక క్లాసుకు పంపాను. సాయంత్రం ఇంట్లో రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. ఆసుపత్రిలో చూసి పెద్ద ప్రమాదమేమీ లేదన్నారు గానీ, ‘మాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు’ అని తల్లిదండ్రులు నిలదీశారు. ప్రతిదానికీ ఫోన్ చేస్తే ‘ఇంతమాత్రానికి పిలుస్తారా’ అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఏది నేను చూసుకోవాలి, ఎప్పుడు ఇంటికి ఫోన్ చేయాలి, ఎప్పుడు ఆంబులెన్స్ పిలవాలి? మాత్రలు ఇవ్వచ్చా? రోజూ కడుపునొప్పి అంటూ వచ్చే పిల్లల్ని ఏం చేయాలి? అంటుజబ్బులు వచ్చినవాళ్లను ఎన్నాళ్లు ఇంట్లో ఉంచాలి?

జవాబు: టీచర్ గారూ, ఆ అబ్బాయికి మీరు చేసిన ప్రథమ చికిత్సలో తప్పేమీ లేదు. జరగనిది ఆ తర్వాతి పని. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడిని ‘అయిపోయింది’ అని ఎప్పుడూ పంపకూడదు, ‘చూస్తూ ఉండాలి’ అని చెప్పి పంపాలి. క్లాసులో ఉన్న టీచర్‌కి తెలియాలి, సాయంత్రం ఇంట్లోవాళ్లకు తెలియాలి.

మీ ప్రశ్నలన్నింటికీ మూలం ఒక్కటే. బడి పని రోగమేమిటో తేల్చడం కాదు. వచ్చిన పిల్లను రెండు నిమిషాల్లో మూడు దారుల్లో ఒకదానికి పంపడం: ఇప్పుడే ఆంబులెన్స్, ఇప్పుడే ఇంటికి ఫోన్, లేదా ఇక్కడే చూసి తిరిగి క్లాసుకు. ఈ మూడింటి హద్దులు ముందే కాగితం మీద ఉండాలి, దాని మీద హెడ్‌మాస్టర్ సంతకం ఉండాలి. ఎందుకంటే బడుల్లో ఆలస్యానికి ఎక్కువగా కారణమయ్యేది తెలియకపోవడం కాదు, అనుమతి కోసం ఎదురుచూడటం. హెడ్‌మాస్టర్ మీటింగ్‌లో ఉంటారు, తండ్రి ఫోన్ ఎత్తడు, తల్లి నంబరు మారిపోయి ఉంటుంది. ఆ లోపల పావుగంట గడిచిపోతుంది. ‘ఈ లక్షణాల్లో ఏది కనిపించినా పక్కనున్న పెద్దవారు ఎవరైనా సరే ఆంబులెన్స్ పిలవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు’ అన్న వాక్యం ఆ కాగితంలో అన్నిటికంటే పైన ఉండాలి. ముందు ఆంబులెన్స్, తర్వాత ఇంటికి, ఆ తర్వాతే ఆఫీసుకు.

ఆంబులెన్స్ జాబితా పెద్దదేం కాదు. ఊపిరి అందకపోవడం, పెదాలు నీలంగా మారడం. పిలిస్తే పలకకపోవడం, లేదా మాట పొంతన లేకుండా ఉండటం. అయిదు నిమిషాలు దాటిన ఫిట్స్, లేదా జీవితంలో మొదటిసారి వచ్చిన ఫిట్స్. పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టినా ఆగని రక్తం, చిమ్ముతున్న రక్తమైతే ఆ పది నిమిషాలూ ఆగక్కర్లేదు. ఏదైనా తిన్నాకో, ఏదైనా కుట్టాకో ముఖం వాచి, గొంతు బిగుసుకుని, దగ్గో గురకో మొదలవడం. ఎముక చర్మం చీల్చుకుని బయటికి రావడం. పడ్డాక మెడ నొప్పి అనడం, చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయనడం. ఈ పిల్లను మాత్రం లేపకూడదు, కూర్చోబెట్టకూడదు, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని పడ్డచోటే ఉంచాలి. కంట్లో ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకకుండా, ఒత్తిడి పడకుండా పంపాలి. ఎండలో ఆడి వచ్చి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. బండి వచ్చేలోపే బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి విసరాలి. అక్కడ చల్లబరచడమే మొదటి మందు.

ఇక తల దెబ్బ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మీరు అడిగిందీ, బడుల్లో ఎక్కువగా పొరపాటు జరిగేదీ అక్కడే. బొప్పి ఎంత పెద్దదన్నది లోపలి దెబ్బకు కొలత కాదు. బయట ఏమీ కనిపించకుండా లోపల మెదడు కుదుపుకు లోనవచ్చు. కాబట్టి చూడాల్సింది పిల్లవాడి తీరు. ఎలా పడ్డాడో చూసినవాళ్లను అడగండి, పడ్డవాడిని కాదు. పడినప్పుడు ఒక్క క్షణమైనా స్పృహ తప్పిందా? ఒక మీటరు కంటే, లేదా అయిదు మెట్ల కంటే ఎత్తు నుంచి పడ్డాడా? ఈ రెండింటిలో ఏదైనా అవునంటే ఆసుపత్రిలో చూపించాల్సిందే. లేదంటే నాలుగు ప్రశ్నలు వేయండి: ఇప్పుడు ఎక్కడున్నావు, ఇప్పుడు ఏ పీరియడ్ జరుగుతోంది, దీనికి ముందు ఏ పాఠం విన్నావు, దెబ్బ ఎలా తగిలింది? జవాబులు తడబడినా, ఆలస్యంగా వచ్చినా, అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ మీతో అడిగించుకుంటున్నా సరే, మామూలు బొప్పిగా తీసుకోకండి.

ఐస్‌ను నేరుగా కాకుండా గుడ్డలో చుట్టి పది నుంచి పదిహేను నిమిషాలు పెట్టండి. అరగంట మీ కళ్ల ముందే కూర్చోబెట్టండి. ఆ తర్వాత బాగానే ఉంటే క్లాసుకు పంపచ్చు, కానీ మీరో, మరో పెద్దవారో వెంట వెళ్లి, ‘వీడికి ఫలానా టైముకు తలకు తగిలింది, వాంతి చేసుకున్నా, తలనొప్పి పెరిగినా, బల్ల మీద తల వాల్చి మత్తుగా ఉన్నా వెంటనే పంపండి’ అని క్లాస్ టీచర్‌కి చెప్పాలి. ఆ రోజు మళ్లీ ఆటలు లేవు. పిల్లవాడు ఎంత బతిమాలినా, మ్యాచ్ ఎంత ముఖ్యమైనదైనా లేవు. కుదుపు తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే మొదటిదానికంటే ప్రమాదం. మెదడుకు కుదుపు తగిలిందని డాక్టర్ చెప్పిన పిల్లవాడిని మర్నాడే పరుగుపందెంలో నిలబెట్టకూడదు. నడక, మెల్లని పరుగు, తాకిడి లేని ఆట, ఆ తర్వాతే మామూలు ఆట. ఒక్కో మెట్టుకూ కనీసం ఒక రోజు. మధ్యలో తలనొప్పి తిరగబెడితే మళ్లీ వెనక మెట్టుకు రావాలి. చదువు కూడా అంతే, తొలి రోజుల్లో పరీక్ష పెట్టకండి.

ఇక ఇంటికి కబురు. తలకు తగిలిన ప్రతి దెబ్బకూ, ఎంత చిన్నదైనా, అదే రోజు కబురు వెళ్లాలి. దీనికి మినహాయింపు లేదు. ఫోన్ అవసరమా, చీటీ చాలా అన్నది దెబ్బను బట్టి. చీటీ ఇలా ఉండచ్చు:

‘ఈ రోజు 11.20కి ఆటస్థలంలో స్తంభానికి తల తగిలింది. నుదుటి కుడివైపు బొప్పి. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. ఐస్ పెట్టాం, 11.55 వరకు చూసి క్లాసుకు పంపాం. రాబోయే 48 గంటల్లో వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి: ఒకటికి మించి వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా సరిగా లేవకపోవడం, మాట ముద్దగా రావడం, నడిస్తే తూలడం, ఒక కంటిపాప పెద్దది ఒకటి చిన్నది కావడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారడం, ఫిట్స్. రాత్రి మామూలుగా నిద్రపోవచ్చు.’

ఆ చివరి వాక్యం కావాలనే పెట్టాం. తలకు తగిలితే నిద్రపోనివ్వకూడదని చాలామంది పిల్లవాడిని రాత్రంతా కూర్చోబెడతారు. పడుకునే వేళకు పడుకోవడం ప్రమాదం కాదు. పట్టపగలు మత్తుగా తూగడం, లేపితే లేవకపోవడం ప్రమాదం. ఈ చీటీలు ముందే వంద అచ్చు వేయించి పెట్టుకోండి, ఖాళీలు నింపితే చాలు. కార్బన్ కాపీ మీ దగ్గర ఉండాలి. మొన్న మీ దగ్గర ఇది ఉండి ఉంటే, ఆ తల్లిదండ్రులు నిలదీయడానికి బదులు రెండో వాంతికే ఆసుపత్రికి బయల్దేరేవారు.

మిగతా దెబ్బల్లో, పద్ధతి తెలిసీ చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వంచుతారు. అలా చేస్తే రక్తం ఆగదు, గొంతులోకి దిగి కడుపులో చేరి వాంతి అవుతుంది. ముందుకు వంగి కూర్చోబెట్టి, ఎముక కింద మెత్తగా ఉండే భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టాలి. నోటితో ఊపిరి తీసుకోమనాలి, నోట్లోకి వచ్చింది ఉమ్మేయమనాలి. పది నుంచి పదిహేను నిమిషాలు, గడియారం చూసి. ఇక్కడ చెడేది ఆగిందా లేదా అని నిమిషానికోసారి వేలు తీసి చూడటం వల్ల. తీసిన ప్రతిసారీ కడుతున్న గడ్డ ఊడిపోతుంది, లెక్క మళ్లీ మొదటికి. అరగంటకీ ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలి వచ్చిన రక్తమైనా ఆసుపత్రికి.

పన్ను ఊడితే చాలామంది పంటిని వదిలేసి నోటిని చూసుకుంటారు. ముందు పాలపన్నా, శాశ్వత దంతమా తేల్చుకోండి. పాలపన్నును తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్న పన్ను దెబ్బతింటుంది. ముందు పళ్లు ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య మారతాయి, కాబట్టి మీ ఆరో తరగతి పిల్లల్లో అవి దాదాపు శాశ్వత దంతాలే. శాశ్వత దంతమైతే వెతికి పట్టుకోండి. తెల్లటి భాగం దగ్గరే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు, రుద్దకూడదు, సబ్బు పెట్టకూడదు. మట్టి అంటుకుంటే పాలతోనో, అవి లేకపోతే నీళ్లతోనో పది సెకన్లకు మించకుండా కడిగి, అదే గుంటలో సరైన వైపు తిప్పి పెట్టి, మెత్తని గుడ్డ కొరికి పట్టుకోమనండి. పెట్టడం కుదరకపోతే చల్లని పాలల్లో వేసి పిల్లతో పాటు పళ్ల డాక్టర్ దగ్గరికి పంపండి. నీళ్లలో నానబెట్టకూడదు, నీటిలో వేరు మీది కణాలు ఉబ్బి పగిలిపోతాయి. దూదిలో చుట్టి పంపితే ఎండిపోయి చచ్చిపోతాయి. పావుగంటలోపు గుంటలోకి చేరిన పన్ను నిలిచే అవకాశం ఎక్కువ. గంటసేపు ఆరుబయట ఎండితే వేరు కణాలు దాదాపు బతకవు.

కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద, అంతే. ఐస్ వద్దు, పేస్టు వద్దు, నూనె వద్దు, బొబ్బ పగలగొట్టొద్దు. గాజులూ ఉంగరాలూ వాచకముందే తీసేయండి. ఇరవై నిమిషాలంటే చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, అందరూ మూడో నిమిషంలోనే ఆపేస్తారు. పక్కన ఒకరు గడియారం పట్టుకోవాలి. సైన్స్ ల్యాబ్‌లో కంట్లో యాసిడో క్షారమో పడినా అదే ఇరవై నిమిషాలు, రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, కడిగిన నీరు రెండో కంట్లోకి పోకుండా దెబ్బతిన్న కన్ను కిందికి ఉండేలా తల వంచి. యాసిడ్‌కి క్షారంతో విరుగుడు వేయాలని ఎవరైనా సైన్స్ పరిజ్ఞానం చూపబోతే ఆపండి, ఆ చర్యలో పుట్టే వేడి కంటిని ఇంకా కాలుస్తుంది. ఎముక విరిగిందని అనుమానం ఉంటే సరిచేసే ప్రయత్నం చేయకండి, ఉన్నది ఉన్నట్టు కదలకుండా కట్టండి, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, ఎందుకంటే మత్తు ఇచ్చి సరిచేయాల్సి రావచ్చు. చెక్కుకుపోయిన మోకాళ్లకు సబ్బు, పారే నీరు, పైన అంటుకోని గాజుగుడ్డ చాలు. పుండు మీద నేరుగా దూది పెట్టకండి, పోగులు అంటుకుపోతాయి.

కొంతమంది పిల్లలకు ఎప్పుడూ ఉండే జబ్బులుంటాయి. వాళ్ల గురించి సిక్ రూమ్‌లో కాదు, ఏడాది మొదట్లోనే పని జరగాలి. ఆస్తమా, ఫిట్స్, చక్కెర జబ్బు, తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లల పేర్లు, ఒక్కొక్కరికి ఒక పేజీ: ఫొటో, ఎలా మొదలవుతుంది, ఏం చేయాలి, ఏ మందు ఎక్కడుంది, దాని గడువు తేదీ. డాక్టర్ సంతకంతో తల్లిదండ్రులే తెచ్చివ్వాలి. ఆ మందును బీరువాలో పెట్టి తాళం వేయకండి. తాళంచెవి ఇంటికి వెళ్లిపోయిన రోజే అవసరం పడుతుంది.

ఆస్తమా పిల్లను పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి. నీలిరంగు ఇన్‌హేలర్‌ను ఊపి స్పేసర్‌కి (మందు నిలిచే గొట్టానికి) తగిలించి, ఒక పఫ్ నొక్కి నాలుగుసార్లు ఊపిరి తీసుకోమనాలి. అలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు ఆగి చూడాలి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే ఆంబులెన్స్, అది వచ్చేవరకూ ఇదే వరస. నాలుగు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లోకి నొక్కితే మందు దాని గోడలకే అంటుకుంటుంది. ఒక మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి: పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి పిల్ల నిస్సత్తువగా ఉంటే తగ్గిందని కాదు, గాలి ఆడటం లేదని అర్థం. వాక్యం పూర్తి చేయలేకపోవడం, డొక్కలు లోపలికి పీక్కుపోవడం కనిపిస్తే రెండో విడత వరకు ఆగకుండానే ఫోన్ చేయండి.

ఫిట్స్‌లో మొదట చేయాల్సింది టైము చూడటం. ఆ కంగారులో ఒక నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది, అందుకే గడియారం. చుట్టూ బల్లలు జరపండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, కాలర్ వదులు చేయండి, కుదుపులు ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ వద్దు; నాలుక మింగడం అనేది జరగదు, పళ్లు విరగడం జరుగుతుంది. చేతిలో ఏదో పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు, వాటంతటవే ఆగుతాయి. మెలకువ పూర్తిగా వచ్చేవరకు నీళ్లు కూడా తాగించకండి. మిగతా పిల్లల్ని గది బయటికి పంపడం కూడా చికిత్సలో భాగమే. ఒళ్లు తెలియక తడిపిన బట్టలతో లేచిన పిల్ల చుట్టూ నలభై ముఖాలు ఉండకూడదు.

చక్కెర జబ్బు ఉన్న పిల్ల చెమటలు పట్టి, వణుకుతూ, చిరాకుగా ఉంటే చక్కెర పడిపోతోందని లెక్క. మీటర్ ఉంటే 70 కంటే తక్కువ చూపిస్తుంది, లేకపోతే అది వచ్చేదాకా ఆగకండి. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్: 4 గ్రాముల బిళ్లలైతే నాలుగు, లేదా నిండుగా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి. పావుగంటకు మళ్లీ చూసి, తేరుకోకపోతే మళ్లీ అంతే. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మెలకువ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆంబులెన్స్. ఈ పిల్లను సిక్ రూమ్‌కి ఒంటరిగా నడిపించకండి. దారిలో పడిపోతుంది. నిజానికి ఏ పిల్లనూ ఒంటరిగా పంపకూడదు, తోడు పిల్ల ఒకరు రావాలి అన్నది బడి అంతటికీ నియమంగా పెట్టండి.

అలర్జీ పిల్లకు అడ్రినలిన్ పెన్ను (పెన్ను ఆకారంలో ఉండే సూదిమందు) ఉంటే, ‘కాస్త చూద్దాం’ అనుకోవడమే పెద్ద తప్పు. గొంతు, ఊపిరి, స్పృహ వీటిలో ఏది తేడాగా ఉన్నా తొడ బయటివైపు మధ్యలో, బట్టల మీద నుంచే పొడిచి, పెన్ను మీద రాసినన్ని సెకన్లు అదిమిపట్టాలి. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. ఊపిరి కష్టమైతే కూర్చోవచ్చు, కానీ లేచి నడవకూడదు, ఆంబులెన్స్ దాకా కూడా. అయిదు నిమిషాల్లో తేరుకోకపోతే రెండో పెన్ను. తేరుకున్నా ఆసుపత్రికే, లక్షణాలు గంటల తర్వాత తిరిగి రావచ్చు.

మాత్రల సంగతి. మీ సొంత బ్యాగులోంచి ఒక్క మాత్ర కూడా ఇవ్వకండి. ప్రమాదం మాత్రలో కంటే లెక్కలో ఉంటుంది. జ్వరంతో ఉన్న పిల్లకు పొద్దున్నే ఇంట్లో పారాసిటమాల్ వేసి పంపుతారు, పది గంటలకు మీరు మరొకటి వేస్తారు, ఒంటిగంటకు ఇంటికెళ్లాక వాళ్లు మూడోది. పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములకు మించకూడదు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, 24 గంటల్లో నాలుగుకు మించకూడదు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, అసలు పెట్టెతో వచ్చిన మందు, ‘పొద్దున ఏమైనా వేశారా’ అని ఫోన్లో అడిగి రాసుకోవడం, ఈ మూడూ ఉంటేనే ఇవ్వండి. పదహారేళ్లలోపు పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం ఎవరు అడిగినా వద్దు. వైరల్ జ్వరంలో అది రేయ్స్ సిండ్రోమ్ అనే, అరుదైనదైనా ప్రాణాంతకమైన, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే జబ్బు తెచ్చిపెట్టగలదు.

కడుపునొప్పి పిల్లల విషయంలో రెండు వైపులా జారిపోయే ప్రమాదం ఉంది. నిజంగా నొప్పి ఉన్నవాడిని వేషమనుకోవడం ఒకటి, వేషమనిపించినదాని వెనక ఉన్నది చూడకపోవడం ఒకటి. ముందు మొదటిది. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి జరిగితే, జ్వరం ఉంటే, ఒంగి నడుస్తుంటే, ఒక్కసారి గెంతమంటే మొహం చిట్లించి ఆగిపోతే అది అపెండిసైటిస్ కావచ్చు, ఇంటికి ఫోన్ చేసి వెంటనే చూపించమనండి. తినడానికి ఏమీ ఇవ్వకండి. మగపిల్లల్లో ఇంకొకటుంది, ఎవరూ అడగరు కాబట్టి తప్పిపోతుంది: వృషణం మెలిపడటం. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతి. సిగ్గుతో ‘కడుపులో నొప్పి’ అనే చెబుతాడు. మగ టీచర్ ఒకరు పక్కకు తీసుకెళ్లి సూటిగా అడగాలి. అవునంటే సాయంత్రం దాకా ఆగే వ్యవహారం కాదు, ఆపరేషన్‌కి దాదాపు ఆరు గంటలే వ్యవధి.

ఇక రోజూ వచ్చేవాళ్లు. రిజిస్టర్‌లో పేరు, తేదీతో పాటు టైము, ఏ పీరియడ్ నుంచి వచ్చారు అన్న గడి కూడా పెట్టండి. నెల తిరిగేసరికి ఆ గడే మాట్లాడుతుంది. ఒకమ్మాయి ప్రతి మంగళ, గురువారాలు మూడో పీరియడ్‌లోనే వస్తోందంటే, ఆ పీరియడ్‌లో ఏముందో చూడాలి: అప్పజెప్పాల్సిన పాఠమా, పక్క బెంచీలో ఏడిపించే పిల్లా? ఇంటర్వెల్‌కి ముందు వచ్చేవాళ్లు పొద్దున ఏమీ తినకుండా వస్తున్నారేమో. నాలుగు వారాలకోసారి వచ్చే అమ్మాయికి నెలసరి నొప్పి, వేడినీళ్ల సంచీ, విడిగా కూర్చునే చోటు చాలు. ఇంకా చాలామంది పిల్లలు బడి మరుగుదొడ్డి వాసనకో, గొళ్లెం లేకనో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆపుకుంటారు. నీళ్లు తాగడమే మానేస్తారు. మలబద్ధకం, మూత్రంలో మంట, కడుపునొప్పి అక్కడినుంచే. ఇది సిక్ రూమ్‌లో తగ్గే జబ్బు కాదు, గొళ్లెం బిగిస్తే తగ్గుతుంది.

అంటుజబ్బుల్లో మీరు పాటించగల గడువులు ఇవి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే ఇంటికి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతే తిరిగి రావచ్చు. పరుగెత్తి వచ్చిన పిల్లకు థర్మామీటర్ పెట్టకండి, పావుగంట కూర్చోబెట్టి పెట్టండి. వాంతులు విరేచనాలైతే చివరిదాని తర్వాత 48 గంటలు. ఆటలమ్మకు పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా, దద్దు వచ్చిన నాటి నుంచి కనీసం 5 రోజులు. తట్టుకు దద్దు వచ్చాక 4 రోజులు, గవదబిళ్లలకు వాపు వచ్చాక 5 రోజులు. ఈ మూడింటిలో ఏది బయటపడినా గర్భిణి టీచర్లకూ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్న పిల్లల ఇళ్లకూ అదే రోజు చెప్పండి. పేలు పడ్డాయని మాత్రం ఎవరినీ ఇంటికి పంపనక్కర్లేదు, అప్పటికే వారాల తరబడి ఉండి ఉంటాయి. సాయంత్రం చీటీ పంపితే సరిపోతుంది.

వాంతిని శుభ్రం చేసేవారికి చేతి తొడుగులు, మాస్క్ ఇవ్వండి. ముందు కాగితంతో ఎత్తి సంచిలో కట్టేసి, తర్వాత బ్లీచ్: ఇళ్లలో వాడే సుమారు 5 శాతం ద్రావణమైతే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు, పది నిమిషాలు తడిగా ఉంచి తుడవాలి. బ్లీచ్‌ను యాసిడ్ రకం టాయిలెట్ క్లీనర్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఆ రెండు సీసాలూ ఒకే అరలో ఉంచకండి. తర్వాత చేతులు సబ్బుతోనే కడుక్కోవాలి, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

పెట్టెలో ఉండాల్సినవి పెద్ద ఖర్చేం కాదు: చేతి తొడుగులు, రకరకాల సైజుల్లో శుభ్రమైన గాజుగుడ్డలు, క్రేప్ బ్యాండేజీ, మూడు మూలల కట్టుగుడ్డ, గాయం కడగడానికి చిన్న సెలైన్ (ఉప్పునీటి) గొట్టాలు, టేపు, కత్తెర, డిజిటల్ థర్మామీటర్, గ్లూకోజ్ బిళ్లలు, స్పేసర్. నెలకోసారి గడువు తేదీలు చూసే మనిషి పేరు పెట్టె మూత లోపల రాసి ఉండాలి. ఆటస్థలానికీ, విహారయాత్రలకూ విడిగా ఒక చిన్న సంచి. గొంతుకు అడ్డం పడటం, గుండె ఆగడం లాంటివి చదివి నేర్చుకునేవి కావు. మీరొక్కరే కాదు, వ్యాయామం టీచర్‌తో సహా కనీసం ముగ్గురు బొమ్మ మీద చేయించే శిక్షణకు వెళ్లండి, ఏటా ఒకసారి తిరగవేయండి. మీరు సెలవు పెట్టిన రోజున కూడా పిల్లలు పడతారు కదా.

విసుక్కునే తల్లిదండ్రుల సంగతి చివరికి ఉంచాం. వాళ్ల విసుగు చాలావరకు ఫోన్‌లో వినిపించే అస్పష్టత మీద. ‘మీ బాబుకి బాలేదు, ఒకసారి రండి’ అంటే సగంమంది భయపడతారు, సగంమంది చిరాకుపడతారు. ఇలా చెప్పండి: ‘నమస్కారమండీ, బడి నుంచి టీచర్‌ని. బాబు ఇప్పుడు మెలకువగా, నా పక్కనే ఉన్నాడు. పది గంటలకు రెండుసార్లు వాంతి అయింది, జ్వరం 101. నీళ్లు కొంచెం కొంచెంగా ఇస్తున్నాం. గంటలోపు ఎవరైనా వచ్చి తీసుకెళ్లాలి, ఎవరు వస్తారో చెప్పండి.’ ఆంబులెన్స్ పిలిచి ఉంటే ఏ ఆసుపత్రికి వెళుతున్నదీ, పిల్లతో ఎవరు వెళుతున్నదీ చెప్పి, బడికి కాకుండా నేరుగా అక్కడికే రమ్మనండి. వెళ్లే టీచర్ చేతిలో ఆ పిల్ల పేజీ, చీటీ కాపీ ఉండాలి. ఏ సందర్భాల్లో ఫోన్ వస్తుందో, ఏ సందర్భాల్లో చీటీ మాత్రమే వస్తుందో ఏడాది మొదట్లోనే ఒక పేజీ రాసి ఇంటికి పంపి సంతకం తీసుకోండి. అదే పేజీ కింద రెండు ఫోన్ నంబర్లు కాదు, మూడు అడగండి; మూడోది పిల్లను తీసుకెళ్లే అధికారం ఉన్న బంధువుదో పొరుగువారిదో. ఆ నంబర్లకు మొదటి నెలలోనే ఒకసారి ఫోన్ చేసి, పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.